కథను నడిపే పాత్రలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు పాత్రచిత్రణ గురించినవే. సినిమా స్క్రిప్టులు రాస్తున్నవారూ, పత్రికలకు కథలు పంపుతున్నవారూ వేర్వేరు మాటలలో చెప్పుకున్న ఇబ్బంది దాదాపు ఒకటే: పాత్రకు పేరు, వయసు, రూపం, గతం అన్నీ ఉన్నాయి కాని, కథ ఆ పాత్ర వల్ల నడవడం లేదు. అందుకే మిగిలిన విషయాలను వచ్చే నెలకు ఉంచి, ఈ ఒక్క విషయానికి సంబంధించిన ఉత్తరాలకే ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను సహాయ దర్శకుడిని. ఒక థ్రిల్లర్ స్క్రిప్టు రాశాను. ఒక హత్యను కళ్ళారా చూసిన యువకుడి వెంట హంతకులు పడతారు. మొదటి నుంచి చివరి వరకు అతడు పరిగెడుతూనే ఉంటాడు, దాక్కుంటాడు, దొరికిపోతాడు, పోరాడి తప్పించుకుంటాడు. అయినా కథ విన్న దర్శకుడు "మీ హీరో ఏమీ చేయడం లేదు" అన్నారు. ఇంతకంటే అతని చేత ఏం చేయించాలి?

సమాధానం: ఆ దర్శకుడు మీ కథను శ్రద్ధగా విన్నారు. మీ హీరో చేస్తున్నవన్నీ పనులే, కాని అవి తన మీదికి వచ్చిపడిన వాటి నుంచి కాచుకోవడానికి చేసే పనులు. తరుముతుంటే పరిగెత్తడం, కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టడం ఎవరైనా చేస్తారు. అతని స్థానంలో మరొక మనిషిని నిలబెట్టినా మీ కథలో ఒక్క సన్నివేశం కూడా మారదు. రెండు దారులు ఉండి, ఏ దారిలో వెళ్ళినా ఏదో ఒకటి పోగొట్టుకోవలసి ఉండి, అతడు తెలిసి తెలిసి ఒక దారిని ఎంచుకుని, ఆ ఎంపిక వల్లనే తరువాతి సన్నివేశం పుట్టినప్పుడు మాత్రమే పాత్ర కథను నడుపుతున్నట్టు లెక్క.

ఇది నేటి స్క్రీన్‌ప్లే పాఠాలతో పుట్టిన సంగతి కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో, మనిషి దేనిని కోరి ఎంచుకుంటాడో, దేనిని వద్దనుకుంటాడో తెలియజేసేదే స్వభావమనీ, ఎంపికా తిరస్కారమూ లేని మాటలలో స్వభావం ఉండదనీ చెప్పాడు. మన సంప్రదాయంలో 10వ శతాబ్దపు ధనంజయుడు దశరూపకంలో నాటక కార్యానికి ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని ఐదు అవస్థలు చెబుతూ, అవి ఫలాన్ని కోరేవారు తలపెట్టిన కార్యానికి ఉండే అవస్థలని స్పష్టంగా అన్నాడు. అంటే కార్యం తనంతట తాను జరిగేది కాదు. ఫలం కావాలనుకున్న మనిషి ఒకడు దానిని తలపెట్టాలి. ఆ ఫలం దక్కనప్పుడు త్వరపడి చేసే పనిని యత్నమన్నాడు. ఒక పక్క ఉపాయం, మరొక పక్క అపాయశంక ఉండి, ఫలం అందవచ్చునేమో అనిపించే స్థితిని ప్రాప్త్యాశ అన్నాడు. మీ స్క్రిప్టులో అపాయం కావలసినంత ఉంది. లేనిది ఉపాయం.

మీ కథనే తీసుకుని చూద్దాం. హత్యను చూసిన యువకుడు దానిని ఫోన్‌లో చిత్రించాడనుకోండి. ఆ వీడియో పోలీసులకు ఇస్తే అతని ప్రాణానికి రక్షణ దొరుకుతుంది. కాని హంతకుల కారు నడిపినవాడు అతని సొంత అన్న. ఇప్పుడు అతడు వీడియో ఇవ్వకుండా పారిపోతే, ఆ పరుగుకు అర్థం ఉంటుంది, ఎందుకంటే అది అతడు కోరి తెచ్చుకున్న పరుగు. తరువాత హంతకుల నాయకుడికి తానే ఫోన్ చేసి, అన్నను వదిలేస్తే వీడియోను చెరిపేస్తానని బేరం పెడతాడు. ఆ ఫోన్ వల్ల అతడున్న చోటు వాళ్ళకు తెలుస్తుంది. అంతకంటే ఘోరంగా, తమ్ముడి దగ్గర సాక్ష్యం ఉందన్న సంగతి అన్నకు కూడా తెలుస్తుంది. అన్న తనంతట తానే తమ్ముడిని వెతుక్కుంటూ వస్తాడు. అతడు కాపాడటానికి వస్తున్నాడో, పట్టివ్వడానికి వస్తున్నాడో తెలియదు. ఇక్కడ ప్రతి ప్రమాదమూ హీరో వేసిన అడుగు నుంచే వచ్చింది. పరుగులు, పోరాటాలు మీరు రాసినవే ఉంచుకోవచ్చు. వాటి వెనుక ఇటువంటి నిర్ణయాలను పెట్టండి.

ఒక్క జాగ్రత్త. కథ మొదట్లో హీరోకు ఏదో ఒకటి జరగడం తప్పు కాదు. హత్యను చూడటం అతడు ఎంచుకున్నది కాదు, అలా ఉండనవసరమూ లేదు. నాలుగో వంతు కథ గడిచిపోయిన తరువాత కూడా ఇంకా అతనికి జరుగుతూనే ఉంటేనే ప్రేక్షకుడి ఆసక్తి సడలిపోతుంది.

ప్రశ్న: నా కథలోని స్త్రీ చాలా మితభాషి. ఎవరికీ ఎదురు చెప్పదు, ఇల్లు దాటి వెళ్ళదు. కథను చదివిన మిత్రులు ఆమెను ధైర్యవంతురాలిగా మార్చమనీ, చివర్లో ఒక్కసారైనా అందరి ముందూ నిలదీయించమనీ అంటున్నారు. అలా చేస్తే ఆమె నేను ఊహించిన మనిషి కాకుండా పోతుంది. ఏం చేయను?

సమాధానం: ఆమెను మార్చకండి. ఈ సలహా ఎంతో మంది మంచి రచయితల చేత అబద్ధపు ముగింపులు రాయించింది. క్రియాశీలంగా ఉండటానికీ గొంతు పెద్దది కావడానికీ సంబంధం లేదు. మనిషికి ఉన్న స్వేచ్ఛ ఎంత తక్కువైతే, ఆ కొద్దిపాటి స్థలంలో ఆమె చేసే చిన్న పనికి అంత బరువు ఉంటుంది; నా దృష్టిలో రచయితకు ఇంతకంటే సారవంతమైన నేల మరొకటి లేదు.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. తండ్రి పోయిన తరువాత ఇల్లు అమ్మేయాలని అన్నదమ్ములు నిర్ణయిస్తారు. మధ్యలో పుట్టిన అక్కకు అది ఇష్టం లేదు, కాని ఆమె అభిప్రాయం ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. సంతకాలు జరగవలసిన రోజు ఉదయం ఇంటి దస్తావేజులు కనబడవు. అందరూ వెతుకుతారు, ఆమె కూడా వాళ్ళతో కలిసి బీరువాలు తెరిచి, పరుపులు ఎత్తి వెతుకుతుంది. తన చిన్ననాటి పుస్తకాల కట్టలో వాటిని దాచింది ఆమేనని పాఠకుడికి మాత్రమే తెలుసు. ఇంతవరకు ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అయినా ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఆమె చేసిన పని చుట్టూనే తిరుగుతున్నారు.

ఇక్కడితో ఆపితే అది తెలివైన చిన్న చర్య మాత్రమే అవుతుంది. దానికి మూల్యం కూడా రావాలి. అనుమానం అప్పుల్లో ఉన్న చిన్న తమ్ముడి మీద పడుతుంది. దస్తావేజులు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకున్నాడని పెద్దన్న అతనిని అందరి ముందూ నిందిస్తాడు. ఆమెకు అతడంటే ప్రాణం. ఇప్పుడు ఆమె మౌనం ఎప్పటి మౌనం కాదు, ఆమె ప్రతి నిమిషమూ కొత్తగా ఎంచుకుంటున్న మౌనం. నోరు విప్పితే ఇల్లు పోతుంది, విప్పకపోతే తమ్ముడు పోతాడు. ఆ రాత్రి ఆమె కాగితాలను తమ్ముడి పెట్టెలో పెడుతుందా, పెద్దన్న దిండు కింద పెడుతుందా, పొయ్యిలో పెడుతుందా? మూడింటిలో ఏది చేసినా ఆమె మితభాషిగానే ఉంటుంది. కాని మూడూ ముగ్గురు వేర్వేరు స్త్రీలు. మీ స్త్రీ ఏది చేస్తుందో మీకు తెలిసిన రోజున కథ ముగింపు గురించి ఎవరి సలహా అవసరం ఉండదు.

నాలుగు గోడల మధ్య నడిచిన గొప్ప నాటకాలలో ఈ పద్ధతి కనబడుతుంది. 1879లో వచ్చిన ఇబ్సెన్ నాటకం 'ఎ డాల్స్ హౌస్' అనగానే చివర్లో నోరా తలుపు మూసి వెళ్ళిపోవడమే అందరికీ గుర్తుకువస్తుంది. నిజానికి ఆమె మొదటి అంకం నుంచీ పని చేస్తూనే ఉంటుంది. భర్త ప్రాణం కాపాడటానికి తండ్రి సంతకాన్ని ఫోర్జరీ చేసి అప్పు తెచ్చింది, దానిని రహస్యంగా తీరుస్తోంది, రహస్యం బయటపెట్టే ఉత్తరం ఉత్తరాల పెట్టెలో పడినప్పుడు భర్త దానిని తెరవకుండా నాట్యం సాధన చేయించమని అతనిని పట్టి ఉంచుతుంది. చివరి నిర్ణయాన్ని మనం నమ్మేది ఆ ముందరి పనులన్నీ చూశాం కాబట్టే. అలాగే 1954 నాటి హిచ్‌కాక్ చిత్రం 'రియర్ విండో'లో ప్రధాన పాత్ర కాలు విరిగి చక్రాల కుర్చీలో కూర్చున్న ఫొటోగ్రాఫర్. అతడు గది దాటలేడు. అయినా ఎదురింటి మనిషిని అనుమానించడం, అతనికి ఉత్తరం రాసి పంపడం, ఫోన్ చేసి ఇంట్లో నుంచి బయటికి రప్పించడం అన్నీ అతని నిర్ణయాలే. చివరికి ప్రమాదం తన గది తలుపు దాకా రావడానికీ అవే కారణం.

ప్రశ్న: మా హీరో మాటలు చాలా పదునుగా రాశాను. ప్రతి సన్నివేశమూ అతని డైలాగుతోనే ముగుస్తుంది. పాత్ర బలంగా ఉండటానికి ఇది సరిపోదా?

సమాధానం: సరిపోదు. మాట పదునుగా ఉండటం రచయిత ప్రతిభ. ఆ మాట ఎదుటివాడి చేత ఏం చేయించడానికి అన్నాడన్నది పాత్ర ప్రయత్నం. రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నటులకు నేర్పినదాంట్లో ముఖ్యమైనది ఇదే: సన్నివేశంలో నీ పాత్రకు ఏం కావాలి, దానికోసం ఇప్పుడు ఏం చేస్తోంది అని ప్రతి ఘట్టంలోనూ తమను తాము ప్రశ్నించుకోవడం. మీ డైలాగులను ఆ ప్రశ్నతో చదవండి. ఒప్పించడానికో, భయపెట్టడానికో, రహస్యం రాబట్టడానికో, క్షమాపణ తప్పించుకోవడానికో అన్న మాటలు నిలుస్తాయి. చప్పట్ల కోసం అన్న మాటలు అక్కడే తేలిపోతాయి, వాటిని తీసేయడానికి వెనుకాడకండి.

ప్రశ్న: నా కథానాయిక లక్ష్యం గొప్ప గాయని కావడం. ఆమె చాలా మంచిది, కష్టజీవి. అయినా చదివినవారెవరికీ ఆమె గుర్తుండటం లేదు.

సమాధానం: గొప్ప గాయని కావడం కోరిక మాత్రమే, అది సన్నివేశంలోకి దిగదు. ఆమె ఆ కోరికకు దగ్గర పడిందో, దూరమైందో పాఠకుడికి ఏ రోజుకారోజు ఎలా తెలుస్తుంది? ఫలానా తేదీలోపు, ఫలానా గురువు దగ్గర, ఫలానా పరీక్షలో నెగ్గాలి అన్నంత నిర్దిష్టంగా దానిని కుదించండి. అప్పుడు గెలుపు ఓటములు కంటికి కనబడతాయి.

మంచితనం సంగతి మరింత ముఖ్యం. పరీక్షకు నిలబడని మంచితనం పాఠకుడి మనసులో గుర్తుగా మిగలదు. ఆమెతో పాటు నేర్చుకుంటున్న స్నేహితురాలికి పోటీ రోజున గొంతు పోయిందనుకోండి; తనకు తెలిసిన వైద్యం చెబితే స్నేహితురాలు కోలుకుని తనను ఓడించవచ్చు. చెప్పిందా? చెప్పకుండా ఆలస్యం చేసిందా? ఆలస్యం చేసి, తరువాత సిగ్గుపడి చెప్పిందా? మూడోది రాయమని నేనంటాను, ఎందుకంటే అందులో ఆమె కోరికా మంచితనమూ ఒకదానితో ఒకటి పెనుగులాడటం మనం చూస్తాం. పాఠకుడు పాత్రను ప్రేమించడానికి ఆ పాత్ర నిర్దోషిగా ఉండనవసరం లేదు. దానికి ఎంత తీవ్రంగా ఏం కావాలో, దానికోసం ఏం వదులుకోగలదో, ఏం వదులుకోలేదో తెలిస్తే చాలు.

ప్రశ్న: మా స్క్రిప్టు విన్న ప్రతివారూ విలన్ బాగున్నాడంటున్నారు. హీరో గురించి ఎవరూ మాట్లాడటం లేదు. విలన్‌ను తగ్గించాలా?

సమాధానం: తగ్గించవద్దు. విలన్ ఆకట్టుకోవడానికి కారణం అతడు చెడ్డవాడు కావడం కాదు. చాలా స్క్రిప్టులలో పథకం వేసేదీ, మొదటి అడుగు వేసేదీ, అడ్డు వస్తే దారి మార్చేదీ విలన్ ఒక్కడే. హీరో మాత్రం ఆ పథకాన్ని ఎప్పుడో తెలుసుకుని అడ్డుకోవడానికి వస్తాడు. ప్రేక్షకుడి మనసు సహజంగానే పథకం ఉన్నవాడి వెంట వెళుతుంది.

దీనికి నాకు తెలిసిన మంచి మార్గం ఒకటి ఉంది. విలన్ రంగంలోకి రాకముందే హీరో ఏదో ఒక పని తలపెట్టి ఉండాలి, విలన్ చర్యలలో కనీసం కొన్ని దానికి ప్రతిగా పుట్టాలి. ఒక గ్రంథాలయాన్ని కూల్చి భవనం కట్టాలనుకునే వ్యాపారి ఉన్నాడు, అతనిని అడ్డుకునే యువతి ఉంది అనుకోండి. కూల్చివేత నోటీసు వచ్చాక ఆమె మేల్కొంటే ఆమె కథ అతని కథకు తోక అవుతుంది. అలాకాక, మూతపడుతున్న ఆ గ్రంథాలయాన్ని ఆమె ముందే తిరిగి తెరిపించి, అందులో దొరికిన పాత రికార్డులతో ఆ స్థలం ఎవరిదో తవ్వడం మొదలుపెట్టిందనుకోండి. వ్యాపారి తొందరపడటానికి ఆమె తవ్వకమే కారణమవుతుంది. ఇద్దరూ ఒకరి ఎత్తుకు మరొకరు పైఎత్తు వేస్తారు, ఒకరి వల్ల మరొకరి తెలివి పెరుగుతుంది. హీరో పథకం కనీసం ఒకసారి ఘోరంగా విఫలం కావాలన్నది కూడా మరిచిపోకండి. పథకం విఫలమైనప్పుడే రెండో పథకం పుడుతుంది, ఆ రెండో పథకంలోనే మనిషి లోతు తెలుస్తుంది.

ప్రశ్న: భార్యను పోగొట్టుకుని, దేనిమీదా ఆసక్తి లేకుండా రోజులు గడుపుతున్న ఒక వృద్ధుడి గురించి నవలిక రాస్తున్నాను. అతడు ఏమీ చేయడు, అతని బాధే అది. పాత్ర తప్పనిసరిగా క్రియాశీలంగా ఉండాలన్న సూత్రం ఇటువంటి కథలను రాయవద్దని చెబుతున్నట్టు లేదా?

సమాధానం: ఈ ఉత్తరం చదివాక చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే మీ సందేహంలో న్యాయం ఉంది. నిజ జీవితంలో దుఃఖం మనిషిని కదలనివ్వదు. దానిని నిజాయితీగా రాయదలచుకున్న రచయితను పట్టుకుని, నీ వృద్ధుడికి ఒక లక్ష్యం పెట్టు, ఒక గడువు పెట్టు అని చెప్పడం మొరటుతనం అవుతుంది.

అయితే నిష్క్రియత గురించి రాయడం వేరు, రచన నిష్క్రియంగా ఉండటం వేరు. కురొసావా 1952లో తీసిన 'ఇకిరు' చిత్రంలో వాతనాబే అనే ప్రభుత్వోద్యోగి దశాబ్దాల పాటు కాగితాల మీద ముద్రలు వేస్తూ బతికినవాడు. కథకుడి గొంతు మొదట్లోనే అతడు నిజానికి బతికి లేడని చెబుతుంది. కడుపులో క్యాన్సర్ ఉందని తెలిసిన తరువాత కూడా అతడు వెంటనే ఏ మంచి పనీ తలపెట్టడు. మొదట ఒక రచయిత వెంట రాత్రంతా వినోదాల కోసం తిరుగుతాడు, తరువాత తన కార్యాలయంలో పనిచేసిన ఒక చలాకీ యువతి వెంట పడతాడు. ఆ రెండూ తప్పు దారులే, కాని అవి వెతుకులాటలు. పిల్లల కోసం పార్కు కట్టించాలన్న నిర్ణయం చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ తరువాత దర్శకుడు చేసిన పని చూడండి: అతని మరణాన్ని ముందే చెప్పేసి, అంత్యక్రియల తరువాత కూర్చున్న సహోద్యోగుల జ్ఞాపకాల ద్వారా, ఒక విభాగం నుంచి మరొక విభాగానికి అతడు ఎలా తిరిగాడో, అవమానాలను ఎలా సహించాడో చూపిస్తాడు. నిష్క్రియత ఆ కథలో ఒక జబ్బు, దానితో మనిషి చేసే పెనుగులాటే కథ.

మీ వృద్ధుడు పార్కులు కట్టనవసరం లేదు. అతడు ఏమీ చేయకుండా ఉండటానికి రోజూ ఎంత ప్రయత్నం చేస్తున్నాడో గమనించండి. కూతురు ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండటం ఒక పని. భార్య బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని కోడలు అన్నప్పుడు వినబడనట్టు ఉండటం ఒక పని. ఆమె నాటిన మొక్కకు నీళ్ళు పోయకపోవడం, అది ఎండిపోతుంటే చూస్తూ ఉండటం మరింత కష్టమైన పని. అతని చుట్టూ ఉన్నవారు అతనిని కదిలించడానికి ఏదో ఒకటి చేస్తూ ఉండాలి, అతని తిరస్కారాలకు ఫలితాలు ఉండాలి. కూతురు ఫోన్ చేయడం మానేస్తుంది. ఇప్పుడు ఆ నిశ్శబ్దం అతడు తెచ్చుకున్నది. తిరస్కారమే కథను నడపగలదనడానికి మెల్విల్ 1853లో రాసిన 'బార్టిల్‌బీ' కథ గొప్ప నిదర్శనం. చెప్పిన పని చేయకుండా ఉండటమే తనకిష్టమని మర్యాదగా చెప్పే ఒక గుమాస్తా, వేలెత్తకుండానే, తన యజమాని అయిన న్యాయవాదిని కార్యాలయమే వదిలి వెళ్ళిపోయే స్థితికి తెస్తాడు. మీ నవలికలో ప్రతి అధ్యాయం చివరా, అతని తిరస్కారం వల్ల ఎవరికి ఏం మారింది అని మిమ్మల్ని మీరు అడగండి. ఏమీ మారకపోతే ఆ అధ్యాయంలో దుఃఖం వర్ణన మాత్రమే ఉందని అర్థం, ఎంత అందమైన వర్ణన అయినా సరే.

ప్రశ్న: హీరో స్నేహితుడు, తల్లి, పై అధికారి వంటి చిన్న పాత్రలన్నీ కూడా ఇలా నిర్ణయాలు తీసుకుంటూ ఉండాలా?

సమాధానం: వారి నిర్ణయాలతో కథ మలుపు తిరగనవసరం లేదు, కాని ప్రతివారూ తమ సొంత పని మీద సన్నివేశంలోకి రావాలి. స్నేహితుడు హీరో గోడు వినడానికే వస్తే అతడు గోడతో సమానం. జీతం అప్పుగా అడగడానికి వచ్చి, హీరో ఏడుస్తుంటే అడగలేక, వెళ్ళేటప్పుడు అడిగేస్తే అతడు మనిషి.

ప్రశ్న: నా మొదటి పూర్తి నిడివి స్క్రిప్టు 110 పేజీలు వచ్చింది. హీరో బలహీనంగా ఉన్నాడని నాకే తెలుస్తోంది, కాని ఎక్కడ మొదలుపెట్టి దిద్దాలో తెలియడం లేదు. మొదటి పేజీ నుంచి మళ్ళీ రాయమంటారా?

సమాధానం: మొదటి పేజీ నుంచి వద్దు. పేజీకి సుమారు ఒక నిమిషం అన్న లెక్కన మీ చేతిలో రెండు గంటలకు కాస్త తక్కువ సినిమా ఉంది. అంతటినీ ఒకేసారి దిద్దబోతే మొదటి ముప్ఫై పేజీలను మెరుగుపెట్టి అలసిపోతారు. ముందుగా ఏమీ మార్చకుండా, ప్రతి సన్నివేశం పక్కన మార్జిన్‌లో ఒక్క వాక్యం రాయండి: ఈ సన్నివేశం రావడానికి కారణమైన నిర్ణయం ఎవరిది, అది ఏమిటి? కొన్ని చోట్ల హీరో పేరు, కొన్ని చోట్ల ఇతరుల పేర్లు వస్తాయి. కొన్ని చోట్ల ఎవరి పేరూ రాయలేకపోతారు. ఆ ఖాళీలే మీ జబ్బు ఉన్న చోట్లు.

ఆ ఖాళీలలో సాధారణంగా దొరికేవి కొన్ని ఉన్నాయి. హీరో తలుపు చాటున నిలబడి రహస్యం వినేస్తాడు. కావలసిన మనిషి దారిలో ఎదురుపడతాడు. పెద్దవారొకరు వచ్చి ఏం చేయాలో చెబితే అతడు చేస్తాడు. పాత ఫొటో ఒకటి పుస్తకంలో నుంచి జారి కింద పడుతుంది. వీటిలో చాలావాటిని కథ మార్చకుండానే సరిచేయవచ్చు: రహస్యం వినడానికి అతడే ప్రమాదానికి తెగించి ఆ ఇంట్లో దూరాలి, ఫొటో కోసం ఎవరి నమ్మకాన్నో వమ్ము చేసి ఆ పుస్తకం తెరవాలి. యాదృచ్ఛికంగా జరిగేది హీరోను కష్టంలోకి నెడితే ప్రేక్షకుడు అభ్యంతరం చెప్పడు, కష్టంలో నుంచి బయటపడేస్తే మాత్రం క్షమించడు.

తిరగరాయడం క్లైమాక్స్‌తో మొదలుపెట్టండి. చివర్లో మీ హీరోను కాపాడేది పోలీసులో, మనసు మార్చుకున్న విలన్ అనుచరుడో అయితే ముందు దానిని తీసేయండి. ఆ చోట అతడు ఒక్కడే చేయగలిగిన ఎంపిక ఏమిటో, దానికోసం అతడు దేనిని శాశ్వతంగా వదులుకుంటాడో నిర్ణయించండి. అది తెలిసిన తరువాత వెనక్కి రండి. ఉదాహరణకు చివర్లో అతడు తన పేరు ప్రతిష్ఠలను వదులుకుని నిజం ఒప్పుకుంటాడు అనుకుంటే, కథ మధ్యలో అదే పేరు కోసం అతడు ఒక అబద్ధం ఆడి ఉండాలి, మొదట్లో అంతకంటే చిన్న విషయంలో మౌనం వహించి ఉండాలి. మూడూ ఒకే గాయం మీద పడే దెబ్బలు కావాలి, ఒక్కొక్కసారి మూల్యం పెరుగుతూ పోవాలి. ఈ మూడు ఎంపికలూ కుదిరితే మధ్యలోని సన్నివేశాలలో ఏవి ఉండాలో, ఏవి పోవాలో మీకు ఇబ్బంది లేకుండా తెలుస్తుంది, వాటిలో మీకు బాగా ఇష్టమైనవి కూడా కొన్ని పోతాయి.

ఆ ప్రతి పూర్తయ్యాక, కథ తెలియని ఒకరి చేత చదివించి, మరునాడు ఆ కథను నోటితో చెప్పమనండి. మధ్యలో అందుకోకండి, సరిదిద్దకండి, పెన్సిల్ పట్టుకుని వినండి. వారు "అతడు ఇలా చేశాడు, దాంతో ఇలా అయింది" అంటూ చెబుతున్నంతసేపు మీ కథ హీరో చేతిలో ఉన్నట్టే. "అప్పుడు అతనికి ఇలా జరిగింది" అని ఎక్కడ మొదలుపెట్టారో ఆ సన్నివేశం సంఖ్య రాసుకోండి, రెండో విడత దిద్దుబాటు అక్కడి నుంచి మొదలుపెట్టండి.